రెస్ట్ గివర్ ఆదివారం

మా చర్చి యువకులు మొన్న నా దగ్గరికి వచ్చి, "తాతా, ఉద్యోగాన్నీ కుటుంబాన్నీ క్రైస్తవుడు ఎట్ల సమానంగ చూసుకోవాలె అన్నదాని మీద ఒక పదిహేను నిమిషాలు మాట్లాడాలె" అన్నారు. వాళ్లలో ఇద్దరికి రైల్వేలో కొత్తగా ఉద్యోగాలు వచ్చాయి. మాట్లాడను, రాసిస్తాను అన్నాను. పదిహేను నిమిషాలే ఇస్తే అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. పొద్దున్నే ప్రార్థన చెయ్యండి, పై అధికారికి లోబడండి, ఆదివారం చర్చి మానకండి, భార్యాపిల్లలను ప్రేమించండి. మంచి మాటలే. సండే స్కూల్లో నేను కూడా చాలాసార్లు చెప్పాను. నా ఉద్యోగంలో గట్టి చిక్కు వచ్చిపడిన రోజున మాత్రం వీటిలో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు.

అందుకని నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, వీడ్కోలు సభలో ఎవరు ఏం పొగిడారో రాయను. ఒక్క ఆదివారం సంగతి రాస్తాను. అందులో నా పరువుకు పనికొచ్చేది పెద్దగా ఏమీ లేదు.

రెస్ట్ గివర్ అంటే

నా పేరు ఏసుపాదం. పందొమ్మిది వందల అరవైల మొదట్లో నేను అసిస్టెంట్ స్టేషన్ మాస్టరును. కాపురం కాజీపేట రైల్వే కాలనీలో. కాజీపేటకూ డోర్నకలుకూ మధ్య చిన్న చిన్న స్టేషన్లు చాలా ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో మాస్టర్లు ఎనిమిదేసి గంటల చొప్పున వంతులవారీగా పనిచేస్తారు. వారానికి ఒకరోజు ఒక్కొక్కరికి సెలవు. ఆ సెలవు రోజున వాళ్ల కుర్చీలో ఇంకొకడు కూర్చోవాలి కదా, ఆ ఇంకొకణ్ని రెస్ట్ గివర్ అంటారు. నేను ఏడేళ్లు ఆ పని చేశాను. సోమవారం ఒక స్టేషను, మంగళవారం ఇంకో స్టేషను. అందరికీ సెలవులు పంచగా మిగిలిన రోజు నాది. ఏడేళ్లూ నాకు మిగిలింది బుధవారమే.

మా చర్చి పాస్టరు అయ్యగారికి ఆ పేరు తెగ నచ్చింది. చర్చిలో అందరి ముందూ నన్ను చూపించి, "ప్రయాసపడేవాళ్లకు విశ్రాంతి ఇచ్చే ఉద్యోగం మన ఏసుపాదానిది" అన్నారు. నేను పొంగిపోయాను. నా భార్య సుగుణమ్మ మిషన్ బడిలో టీచరు, చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. ఆ మాట విని నవ్వి ఊరుకుంది. తర్వాత పక్కింటావిడతో అంటుంటే విన్నాను: "మా ఆయన లైనంతటికి రెస్టు ఇస్తడమ్మా. మా ఇల్లొక్కటే ఆ లైను మీద లేదు."

నిజం చెప్పాలంటే, మార్చమని అడిగితే మార్చేవాళ్లే. నేనే అడగలేదు. చేతిపెట్టెతో ఏ స్టేషనులో దిగినా అక్కడి మాస్టరు మొహం వెలిగిపోయేది. "వచ్చినవా దేవుడా" అని ఎదురొచ్చేవాళ్లు. అట్లాంటి స్వాగతం రోజూ దొరికే మనిషికి ఇంట్లో పప్పు ఉప్పు చూసుకోవడం రుచించదు. ఉద్యోగం వల్ల ఇంటికి టైము దొరకడం లేదని ఎవరైనా అంటే నేను సగమే నమ్ముతాను. మిగతా సగం వాడికి అక్కడ బాగుంటుంది.

మోకాళ్ల మీద మాస్టరుగారు

నా మొదటి పెద్దసారు, అంటే స్టేషన్ మాస్టరు, కూడా మా విశ్వాసమే. పెద్ద ప్రార్థనాపరుడు. పొద్దున ఆరు కాగానే ఆఫీసులో బీరువా వెనక మోకాళ్లూనేవారు. ఒకసారి పక్క స్టేషను నుంచి గంట మోగుతూనే ఉంది, ఆయన లేవలేదు. గూడ్సు బండి స్టేషను బయట అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబడి కూతలు పెడుతోంది. చివరికి పట్టాలు, సిగ్నళ్లు మార్చే పాయింట్స్‌మన్ రాజవీరు బీరువా పక్కకు పోయి, చేతులు కట్టుకుని, "సార్, మీ దేవుడు ఏడికి పోడు గని, డ్రైవర్ తిట్టుకుంట మీదికి వస్తాండు. జర లేవుండ్రి" అన్నాడు.

ఆ రోజుల్లో నేను ఆ పెద్దసారును చూసి మురిసిపోయాను. ఇప్పుడు మురవను. డ్యూటీలో ప్రార్థన చెయ్యవద్దని నేను అనను, నేనూ కళ్లు తెరిచి చేసుకున్నాను. కానీ కుర్చీ ఖాళీ చేసి చేసే ప్రార్థనకు ఎండలో నిలబడేది ఇంకొకడు. ఆయన దగ్గర నేర్చుకున్న పాఠం అదీ అనుకుని, నేను అంతకంటే తెలివైనవాడినని చాలాకాలం భ్రమపడ్డాను.

చీటీ

ఆదివారం నేను చర్చిలో ఉండను కాబట్టి సుగుణమ్మ ఒక ఏర్పాటు చేసింది. శనివారం సాయంత్రం అయ్యగారు మర్నాటి ఆరాధనలో పాడే పాటల నంబర్లు చెబుతారు. వాటిని చిన్న చీటీ మీద రాసి నా టిఫిన్ క్యారియరు పై గిన్నెలో పెట్టేది. మాటలేమీ ఉండవు, మూడు నంబర్లే. తొమ్మిదిన్నరకు ఆరాధన మొదలైనప్పుడు నేను ఎక్కడున్నా ఆ పాటలే పాడుకోవాలి. బండ్లు లేకపోతే గొంతెత్తి పాడేవాణ్ని, ఉంటే పెదవులతో. చీటీని బల్ల మీద రిజిస్టరు పక్కనే పెట్టుకునేవాణ్ని. దేవుణ్నీ రైల్వేనీ ఒకే బల్ల మీద సర్దేశానని నాకు గర్వం.

ఇక్కడ మా పనిలో ఒక సంగతి చెప్పాలి. స్టేషనుకు అవతల రోడ్డు పట్టాలను దాటేచోట గేటు ఉంటుంది. బండి వచ్చేముందు మాస్టరు గేటుమన్‌కు ఫోన్ చేసి గేటు వెయ్యమంటాడు. గేటుమన్ గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబరు చెబుతాడు. రెండంకెల నంబరు, ప్రతిసారీ వేరే. మాస్టరు దాన్ని రిజిస్టరులో రాసుకున్నాకే సిగ్నల్ ఇవ్వాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. రిజిస్టరులో నంబరుందంటే గేటు పడిందని అర్థం. నంబరుండి గేటు పడలేదంటే తప్పు గేటుమన్‌ది.

వస్త అంటే వస్త

మా పెద్దమ్మాయి కరుణకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ ఏడు దానికి కన్ఫర్మేషన్. పసిపిల్లలుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు బాప్తిస్మం ఇప్పిస్తారు. ఊహ వచ్చాక పిల్లలే సంఘం ముందు నిలబడి, ఈ విశ్వాసం నాదే అని చెప్పాలి. బిషప్పుగారు వచ్చి తల మీద చెయ్యి పెడతారు. ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లలో వాళ్లకు చోటు. మా చర్చిలో ఆ సమయానికి తండ్రీ తల్లీ ఇద్దరూ లేచి బిడ్డ వెనక నిలబడటం ఆనవాయితీ.

దాని బాప్తిస్మానికి నేను ఆలస్యంగా వెళ్లాను. బడిలో అది పాట పాడి బహుమతి తెచ్చుకున్న రోజున డోర్నకల్లో ఉన్నాను. అందుకని బుధవారం నేను ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాయినా, ఈ ఆదివారం వస్తవా?"

"వస్త బిడ్డా."

"ఒట్టు పెట్టు."

"మనం ఒట్టు పెట్టద్దు. వస్త అంటే వస్త."

నిజంగానే అన్నీ చూసుకున్నాను. ఆ ఆదివారం నా డ్యూటీ పొద్దున ఎనిమిదింటికి అయిపోతుంది. ఎనిమిది ఇరవైకి కాజీపేట వెళ్లే గూడ్సు ఉంది. గార్డు పెట్టెలో కూర్చుంటే తొమ్మిదింబావుకు ఇంట్లో ఉంటాను. ఉతికిన ధోవతి, కోటు సంచిలో పెట్టుకుని మరీ వెళ్లాను.

పొద్దున ఆరూ నలభై

ఆ స్టేషను పేరు రాయను. డోర్నకల్ వైపు నుంచి పాసింజరు బండి బయలుదేరిందని గంట వచ్చింది. గేటుకు ఫోన్ చేశాను. గేటుమన్ మల్లయ్య ఎత్తాడు. మల్లయ్యది ఆ పక్క పల్లెటూరే, నెమ్మదైన మనిషి. గేటు పక్కన రైల్వేవాళ్లు ఇచ్చిన ఒక్క గది ఇంట్లో పెళ్లాం, ముగ్గురు పిల్లలతో ఉండేవాడు.

"మల్లయ్యా, పాసింజర్ వస్తాంది. గేటెయ్యి."

"ఏస్తాన్న సార్. ఒక ఎడ్లబండి దాటుతాంది, జర ఆగుండ్రి."

అంతలో రెండో ఫోన్ మోగింది. కాజీపేటలో బండ్లకు దారి చూపే కంట్రోలరు. నా ఎనిమిది ఇరవై గూడ్సు గంట ఆలస్యమయ్యేలా ఉందన్నాడు. ఆ గూడ్సును ఎట్లాగైనా ముందు పంపమని కంట్రోలర్‌ను బతిమాలాను. బిషప్పు, కూతురు, చర్చి, అన్నీ చెప్పాను. అతను చివరికి, "సరే ఏసుపాదం, పంపిస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఫోన్ పెట్టేసి రిజిస్టరు వైపు తిరిగాను. గేటు నంబరు గడిలో నలభై మూడు రాశాను. "సిగ్నల్ ఇయ్యి" అని పాయింట్స్‌మన్‌కు కేకవేశాను. అతను లివరు లాగాడు, బండి రావచ్చని సిగ్నల్ చెయ్యి కిందికి వాలింది.

పక్క గడిలో టైము రాస్తుంటే చెయ్యి ఆగింది. మల్లయ్య చిన్నప్పుడు ఉర్దూ బడిలో లెక్కలు నేర్చాడు. నంబరు ఎప్పుడూ విడివిడిగా ఉర్దూలో చెబుతాడు, అరవై ఏడైతే ఛే సాత్, ఇరవై ఎనిమిదైతే దో ఆఠ్ అని. చార్ తీన్ అన్న గొంతు నా చెవిలో లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. రిజిస్టరు పక్కన ప్రతి వారం లాగే చీటీ ఉంది. సుగుణమ్మ గుండ్రటి చేతిరాతలో మొదటి నంబరు నలభై మూడు.

"ఎత్తెయ్! సిగ్నల్ ఎత్తెయ్!" అని అరుస్తూ ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తాను. బండి అప్పటికే అవుటర్ దాటింది. గేటు ఉన్నది అవుటర్‌కూ స్టేషనుకూ మధ్యనే. కూత మీద కూత వినిపిస్తోంది. ఆ తర్వాత బ్రేకుల చప్పుడు. ఇంకేదో చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. ప్రార్థన చేశానా అంటే చెప్పలేను, "వద్దు, వద్దు" అని మాత్రం అన్నాను.

ఇంకే చప్పుడూ రాలేదు. వెళ్లి చూస్తే ఇంజను గేటుకు ఇరవై అడుగుల అవతల ఆగి ఉంది. వరిగడ్డి వేసిన ఎడ్లబండి ఒకటి పట్టాల మధ్య చక్రం దిగబడి నిలిచిపోయింది. గడ్డి మీద ఒక ముసలమ్మ, చంకలో పిల్లవాడు. మల్లయ్య ఎర్రజెండా పట్టుకుని రైలుకు ఎదురు పరుగెత్తి పట్టాల నడుమ నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేసింది ఆ జెండా చూసి. నేను సిగ్నల్ తిరిగి ఎత్తించింది దేనికీ పనికిరాలేదు.

రిజిస్టరు తిప్పడం

చక్రాన్ని లేపి, బండిని దాటించి, రైలును స్టేషనులోకి తెచ్చాక డ్రైవరు నా గదిలోకి వచ్చాడు.

"గేటు తెరిచి ఉంటే సిగ్నల్ ఎట్ల ఇచ్చినవయ్యా?"

నేను నోరు తెరవలేదు. రిజిస్టరును అతని వైపు తిప్పాను. అంతే. అతను నలభై మూడు చూశాడు. "ఓర్ని, గేటు ఎయ్యకుంటనే నంబరిచ్చిండా!" అని మల్లయ్యను నానా తిట్లూ తిట్టి, కాజీపేటలో రిపోర్టు ఇస్తానని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను, నేను అబద్ధం ఆడలేదు అని. మాట ఒక్కటీ రాలేదు కదా. ఇట్లాంటి లెక్కలు మన విశ్వాసులకు బాగా వచ్చు.

ఏడున్నరకు మల్లయ్య వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సార్, నేను నంబరియ్యలే గద?"

"సోమవారం మాట్లాడుదాం మల్లయ్యా."

"డ్రైవర్ నన్ను తిట్టుకుంట పోయిండు. నా కాయితంల తర్వాతి నంబరు సాత్ ఏక్ సార్, అది కొట్టెయ్యలే, గట్లనే ఉన్నది. చూడుండ్రి."

కాగితం చాపాడు. నేను చూడలేదు. చూసి ఏం లాభం, కాగితంలో ఉన్నది చెప్పక నోటికి వచ్చింది చెప్పావంటారు. మాస్టరు రాసిన రిజిస్టరు ముందు గేటుమన్ మాటను ఎవరూ నమ్మరు. నాకు ఆ సంగతి బాగా తెలుసు.

"నాకు బండి టైమైతాంది. రేపు చూస్త, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఎనిమిదింటికి వచ్చిన మాస్టరుకు చార్జి ఇచ్చాను. గూడ్సు ఆలస్యం లేకుండా వచ్చింది.

నాలుగో వరుస

చర్చిలో నాకు నాలుగో వరుసలో చోటుంచారు. ముందు రెండు బెంచీల మీద పిల్లలు తెల్లబట్టల్లో కూర్చున్నారు. కరుణ వెనక్కి తిరిగి నన్ను చూసింది. కళ్లు పెద్దవి చేసి, నవ్వు ఆపుకోలేక పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. వచ్చిండు చూడు, అని. ఏడేళ్లలో నా మొహం చూసి మా ఇంట్లో ఎవరూ అంత సంతోషపడలేదు.

అయ్యగారు లేచి, "నలభై మూడవ పాట" అన్నారు.

ఆ నంబరు వస్తుందని నాకు తెలియదా, తెలుసు. సుగుణమ్మ ఎత్తుకుంది, సంఘమంతా అందుకుంది. అది స్తుతి పాట, అందరికీ నోటికి వచ్చిన పాట. నా పెదవులు మాత్రం కదలలేదు. ఆ సమయానికి డ్రైవరు రిపోర్టు వెళ్లి ఉంటుంది. మల్లయ్యను గేటు మీది నుంచి దింపి ఉంటారు. గేటు పోతే గది కూడా పోతుంది. రేపు చెబుతాను, ఒక్కరోజుకు ఏమీ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. రేపటికి విచారణ కాగితాలు నడుస్తాయి, అప్పుడు నోరు తెరవడం ఇంకా కష్టం, నేను తెరవను. నా సంగతి నాకు ఆ బెంచీ మీద తెలిసిపోయింది.

డోర్నకల్ వైపు వెళ్లే బండి పది యాభైకి. అది తప్పితే సాయంత్రం దాకా లేదు. బిషప్పుగారి ప్రసంగం పది ఇరవై దాకా సాగింది. పిల్లలను ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టారు. కరుణ తొమ్మిదోది. ఒక్కొక్కరికి మూడు, నాలుగు నిమిషాలు. గోడ గడియారం చూస్తూ లెక్కవేశాను. స్టేషను పది నిమిషాల నడక. ఎట్లా లెక్కవేసినా రెండూ పడవు.

నాలుగో పిల్లవాడు మోకరించినప్పుడు లేచాను. బెంచీ కిర్రుమంది. తల వంచుకుని పక్క తలుపులోంచి బయటపడ్డాను. వెనక్కి చూడలేదు. చూస్తే కూర్చుండిపోయేవాణ్ని.

ఐదు గంటలు

పన్నెండింటికి ఇరవై నిమిషాల ముందు ఆ స్టేషనులో దిగాను. మల్లయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతణ్ని గేటు నుంచి దింపి, రెండు జెండాలూ చుట్టి మాస్టరు బల్ల మీద పెట్టించేశారు. నేను లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచి, అందరూ వినేటట్టు, "ఈ నంబరు మల్లయ్య ఇవ్వలేదు. నేనే రాశాను" అని చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. చీటీ కూడా జతచేశాను.

బయటికి వచ్చాక మల్లయ్య దండం పెడతాడనుకున్నాను. ఒప్పుకుంటున్నాను, అట్లాగే అనుకున్నాను. అతను లేచి తలపాగా చుట్టుకుంటూ, "పొద్దుగాలనే చెప్తే అయిపోవు గద సార్. మా ఇంటిది గిన్నెలు మూట గట్టింది. పోరగాండ్లు ఏడుస్తాన్రు" అన్నాడు. జెండాలు తీసుకుని గేటుకు వెళ్లిపోయాడు.

విచారణకు ఇన్‌స్పెక్టర్ ఖాదర్ సాబ్ వచ్చారు. ఆ లైను మీద నేను చూసిన అధికారుల్లో న్యాయం తెలిసిన మనిషి. నా కాగితం రెండుసార్లు చదివారు.

"గలతీ అందరితోని అయితది, ఏసుపాదం. పాట నంబర్ రాసినవ్, సరే. అది నేను ఒక్క లైన్ల రాసేస్త. పొద్దుగాల ఏడింటి సంది పన్నెండు దాక ఐదు గంటలున్నయ్. గవి ఏ కాలమ్‌ల రాయాలె చెప్పు."

"చర్చికి పోయిన సార్. బిడ్డ కన్ఫర్మేషన్."

ఆయన కలం కింద పెట్టారు. "మసీదుకు పోయిన అని చెప్పినా నేను గిదే అడుగుత."

రెండు నెలలు సస్పెండ్ చేశారు, తక్కువే చేశారు. రిజిస్టరు పక్కన ఏ కాగితమూ పెట్టవద్దని లైనంతటికీ ఉత్తర్వు వచ్చింది. రైల్వేలో చేరిన మీరిద్దరూ ఇప్పుడు పాటిస్తున్న ఆ నియమానికి కారణం ఎవరో మీకు తెలియాలని రాస్తున్నాను.

బాబులూ, మీరు నన్ను అడిగింది పనికి ఎన్ని గంటలు, ఇంటికి ఎన్ని గంటలు అని. నేను గంటలు చక్కగానే పంచాను. తొమ్మిదింబావుకు వస్తానన్నవాణ్ని తొమ్మిదింబావుకే వచ్చాను. స్టేషనులో చెయ్యవలసింది చెయ్యకుండా వచ్చాను కాబట్టి, వచ్చినవాణ్ని వచ్చినట్టు లేను. ఏడింటికే ఒక్క వాక్యం చెప్పి ఉంటే నేను చర్చికి రాలేకపోయేవాణ్ని, అది ఖాయం. ఐనా ఆ రోజు ఇంత పాడయ్యేది కాదు. ఎంత పాడయిందో ఆ సాయంత్రం సుగుణమ్మ చెప్పింది.

ఎనిమిది ఆదివారాలు

నేను ఇల్లు చేరేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. అంతా విన్నది. గేటు దగ్గర ముసలమ్మ మాట చెప్పినప్పుడు కళ్లు మూసుకుంది.

"చెప్పి మంచి పని చేసిండ్రు" అంది. "బెంచీ చప్పుడుకు అది వెనకకు చూసింది. మీ వీపు చూసింది. తర్వాత బిషప్పుగారు పేరు పిలిస్తె లేవలే. అయ్యగారు రెండోసారి పిలవాల్సి వచ్చింది. నేను పాటల కాడి నుంచి వచ్చి ఒక్కదాన్నే వెనక నిలబడ్డ. మీరు రాకుంటె ఎప్పటి లెక్కనే రాలేదనుకుంటుండె. వచ్చి, చూసి నవ్వినంక, లేచి పోయిండ్రు" అంది.

కరుణ లోపల గదిలో తెల్లబట్టలు మార్చకుండానే పడుకుని ఉంది. తలుపు దగ్గర నిలబడి జరిగింది చెప్పాను. గేటుమన్ ఉద్యోగం గురించి చెప్పాను. వింటోందని తెలుస్తూనే ఉంది. "నాకు సమజైంది నాయినా" అంది గోడ వైపు తిరిగి. ఏడ్చి ఉంటే బాగుండేది.

సస్పెన్షనులో ఉన్నవాడికి డ్యూటీ ఉండదు. నా జీవితంలో మొదటిసారి వరసగా ఎనిమిది ఆదివారాలు చర్చికి వెళ్లాను. నాలుగో వరుసలోనే కూర్చున్నాను. కరుణ పాటల పిల్లలతో కూర్చుంది. ప్రభువు బల్ల దగ్గరికి వాళ్లతోనే వెళ్లింది. నేను బల్ల ముందరి కమ్మీకి ఈ చివర మోకరిస్తే, అది ఆ చివర. ఇంట్లో నీళ్లు అడిగితే ఇచ్చేది, అన్నం పెట్టేది. ఒక్క ప్రశ్న మాత్రం అడిగేది కాదు. ఈ ఆదివారం వస్తవా అని అంతకుముందు ప్రతి వారం అడిగే ప్రశ్న.

ఎనిమిదో ఆదివారం మధ్యాహ్నం మళ్లీ డ్యూటీలో చేరమని కాగితం వచ్చింది. పాత పనే, రెస్ట్ గివర్. కరుణ వరండాలో తమ్ముడికి జడకుచ్చులు చూపించి ఆటపట్టిస్తోంది. నా చేతిలో కాగితం చూసి ఆగింది.

"వచ్చే ఆదివారం డ్యూటీ ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. కానీ ఆ పై వారం ఎట్లనన్న చేసి..."

"ఉన్నదంటే ఉన్నదని చెప్పు నాయినా. లేదంటే లేదని చెప్పు. నేను ఏమీ అనుకోను." జడకుచ్చులు వేలికి చుట్టుకుంటూ నా మొహంలోకి చూసింది. ఎనిమిది వారాల్లో మొదటిసారి చూసింది. "వస్త అని మాత్రం చెప్పకు."

చెప్పలేదు. ఆ తర్వాత నేను నా బిడ్డకు ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. చాలాసార్లు రాలేకపోయాను. వచ్చిన రోజుల్లో, లేచి నిలబడవలసినప్పుడు, దాని వెనక నిలబడ్డాను. ఐనా ప్రతిసారీ అది ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేది, ఉన్నానా లేదా అని.